చుక్కమ్మను చూసిన కళ్ళు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలెవరైనా నా దగ్గరికొచ్చి అనుభవాలు చెప్పమంటే ముందే ఒక షరతు పెడతాను. నేను చెప్పేదాంట్లో మూడు వంతులు నీళ్ళు, ఒక వంతు పాలు. ఇరవై రెండేళ్ళు పాల కంపెనీలో పనిచేసినవాడి నోటికి ఆ మాత్రం అలవాటు అవుతుంది. మీరే మరిగించుకుని, నీళ్ళు ఇగిరాక మిగిలింది తాగండి. అయితే ఈ కథలో ఒకచోట నేనే ఆగి చెబుతాను, ఇక్కడి నుంచి నీళ్ళు లేవని. అక్కడి నుంచి ఉన్నది ఉన్నట్టు తాగాల్సిందే.

నాది నరసరావుపేట బ్రాంచి. హోదా ఫీల్డ్ ఆఫీసరు. పదవీ విరమణకి ఇంకా ఎనిమిదేళ్ళు ఉండగానే ఇంటికొచ్చేశాను. ఎందుకు మానేశావని అడిగిన బంధువులకి నడుము నొప్పి అని చెప్పాను. నా నడుము ఇప్పటికీ రోలు మోయగలదు. అసలు కారణం ఒక ఆవు.

మా కంపెనీ మామూలు ప్యాకెట్లతో పాటు స్పెషల్ పాలు మొదలుపెట్టినప్పుడు ఆ పని నా నెత్తిన పడింది. గాజు సీసాలో నాటు ఆవు పాలు. పేటలో వాటిని అమ్మడమంటే సివిల్స్ ఇంటర్వ్యూకి పోవడమే. ఒకావిడ చుక్క పాలు గోటి మీద వేసుకుని, అది జారే లోపల నా వంశం మొత్తం అడిగేది. ఒకాయన మీగడ మందాన్ని పిల్లాడి స్కేలుతో కొలిచేవాడు. ఇంకొకాయన సీసాని సూర్యుడికి ఎదురుగా పట్టుకుని అరగంట చూసి, "పచ్చదనం తగ్గిందయ్యా, ఆవుకి కామెర్లు నయమైనయ్యా?" అన్నాడు. నాటు ఆవులిచ్చే ఏ2 రకం పాలండీ మావి అని చెబితే, కోర్టులో పనిచేసి రిటైరైన ఒక గుమాస్తాగారు కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"ఏ2 అంటే రెండో ముద్దాయి కదయ్యా. మరి మొదటోడేడి?"

"ఆయన ప్యాకెట్లో ఉన్నాడండీ" అన్నాను. ఆ దెబ్బకి రెండు సీసాలు రాయించుకున్నారు.

మా సీసాలు కడిగి కందిపొడి పోసుకోని ఇల్లు పేటలో లేదు. ఇది మూడొంతుల నీళ్ళ మాటే అనుకోండి, కానీ సీసాలు ఇళ్ళల్లోనే ఉండిపోయాయన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

పసిపిల్లలకి, జబ్బుపడి లేచినవాళ్ళకి ఒకే ఆవు పాలు పట్టాలని మా వైపు పాత నమ్మకం. ఆ ముక్క నా బుర్రలో మెరిసింది. ఒంటి ఆవు పాలు! సీసా మీద స్టిక్కరు, స్టిక్కరు మీద గళ్ళ బొమ్మ. దాని మీద ఫోను పెడితే చాలు, ఆ పాలిచ్చిన ఆవు అప్పటికప్పుడు తెరమీద కనపడాలి. మా మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి. ఆవుని క్యాలెండర్లో తప్ప చూడలేదు. నా ఆలోచన విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కస్టమర్ కళ్ళ ముందే పితకాలయ్యా! ఇంక కల్తీ అన్న మాట ఎవడు అంటాడు?" అన్నాడు.

ఆ మొదటి ఆవు కోసం జిల్లా అంతా జల్లెడ పట్టి రెంటచింతల పక్క పల్లెలో చుక్కమ్మను పట్టుకున్నాను. ఒంగోలు జాతి. పాల తెలుపు ఒళ్ళు, నుదుట బొట్టంత నల్లచుక్క. మెడలో దిష్టికి నల్లతాడు, ఆ తాడుకే చర్చిలో ఇచ్చిన మరియమాత పతకం. రెండు రకాల రక్షణ అన్నమాట. దాని యజమానురాలు ఏభై ఏళ్ళ మనిషి, ఒంటరి ఆడది. భర్త పోయాక అరెకరం, ఈ ఆవు, దాని దూడ, అంతే ఆవిడ ఆస్తి. నేను అక్కా అనేవాణ్ణి, తను తమ్ముడూ అనేది.

పాలు పితికే వేళకి ఆవిడ గొడ్లచావిడికి అడ్డంగా పాత పచ్చచీర ఒకటి తెరలా కట్టేది. ఆ ఊళ్ళో అందరూ అంతే. పొదుగు మీద పరాయి చూపు పడకూడదు. పొరుగువాళ్ళు కూడా ఆ వేళకి ఆ గుమ్మం ముందు నిలబడరు. నేను కెమెరా సంగతి చెప్పేసరికి అక్క నన్ను గాడిలో మిగిలిన చొప్పను చూసినట్టు చూసింది.

"మడిసి చూత్తేనే ఊరుకోం. ఊరంతటికీ చూపిత్తావా?"

"కెమెరాకి కళ్ళెక్కడియ్యక్కా? అది యంత్రం."

"కళ్ళు లేకపోతే ఎట్టా చూత్తదయ్యా మరి?"

నేను నవ్వేశాను. నెలనెలా కంపెనీ తప్పకుండా పాలు తీసుకుంటుందని, మిరపకోతలకి పోయే బాధ తప్పుతుందని అరగంట ఊదరగొట్టాను. చివరికి ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"పితికేటప్పుడు నేను దాంతో ఏందో ఒకటి మాట్లాడతా. అయ్యి మా ఇద్దరి మజ్జన మాటలు. అయ్యి ఎవురికీ ఇనపడకూడదు."

అందుకని మైకు లేని కెమెరా తెప్పించాం. పేటలో సెల్‌ఫోన్ల షాపు నడిపే భాయ్ ఒకాయన మా కంపెనీ మరమ్మతులన్నీ చూసేవాడు. ఆయనే వచ్చి, పడమటి గోడకి మేకు కొట్టి, సిమ్ము వేసిన ఆ కెమెరా బిగించాడు. పచ్చచీర మడతపెట్టి దండెం మీదికి పోయింది.

పథకం ఎలా పేలిందంటే, మాచర్ల దాకా వినపడింది. తెర మూలన ఎంతమంది చూస్తున్నారో ఒక అంకె పడేది. మొదట పదులు, తర్వాత వందలు. పాలు కొనేవాళ్ళు కాక వాళ్ళ చుట్టాలు, ఆ చుట్టాల అపార్ట్‌మెంటు వాళ్ళు. పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ చుక్కమ్మను చూస్తేగానీ కొందరికి రోజు మొదలయ్యేది కాదు. అందరిలోకీ నికార్సైన చూపరి, పేటలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన ఒక మేడమ్. ఆపరేషనయ్యాక ఆవిడకి ఈ పాలే పడ్డాయట. ముప్ఫై ఏళ్ళు పరీక్షహాల్లో కాపలా కాసిన అలవాటో ఏమో, పూటపూటా కన్నార్పకుండా చూసి నాకు ఫోను చేసేది.

"ఏమయ్యా, ఇవాళ గాడిలో పచ్చగడ్డి తక్కువుంది. చూసుకో."

మూడో వారానికి అక్క ఫోను చేసింది. పాలు సగానికి పడ్డాయంది. నేను ఎండ అన్నాను. రెంటచింతల ఎండ గురించి మీకు చెప్పాలా? మధ్యాహ్నం పూట అక్కడ నీడలు కూడా మనుషుల కాళ్ళ కిందికి దూరి పడుకుంటాయి. పశువుల డాక్టరుని తీసుకుపోయాను. పొదుగు నొక్కి చూసి, భేషుగ్గా ఉందన్నాడు. పాలున్నాయి, ఆవు వదలడం లేదు.

"ఎగచేపుతంది తమ్ముడూ" అంది అక్క. పాలని పైకి లాగేసుకుంటోందని. "దూడ గుద్ది గుద్ది అలిసిపోతంది. ఎప్పుడూ గాడి వైపు మూతి పెట్టి నిలబడే గొడ్డు, ఇయ్యాల గోడకేసి తిరిగింది. ఆ కెమెరానే చూత్తా ఉంది. తీసెయ్యయ్యా, నీకు పున్నెముంటది."

మేనేజరుకి చెప్పాను. ఆయన అంకె చూపించాడు. ఇంతమంది చూస్తుంటే ఎలా ఆపుతాం అన్నాడు. నేను అక్కకి పది రోజులు ఓపిక పట్టమన్నాను. పది రోజులకి చుక్కమ్మ చెంబు అడుగు కూడా తడపడం మానేసింది. దూడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఇంకో మూడు వారాలు దాటాక మళ్ళీ ఫోను చేసింది. ఈసారి అక్క గొంతులో ఏడుపు కూడా లేదు.

"వట్టిపోయిన గొడ్డుని మేపే తాహతు నాకు లేదు తమ్ముడూ. శనోరం సంతకి తోలతా. ఆడ కొనేటోళ్ళు దాన్ని ఏం జేత్తారో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఈ ఫోను వచ్చేసరికి నేను తెలివైన పని ఒకటి చేసి మూడు వారాలు దాటింది. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన తెలివైన పనులన్నీ కలిపి తూచినా ఈ ఒక్కదానికే ముల్లు మొగ్గుతుంది. ఏం చేశానంటే, పాలు బాగా ఉన్న రోజుల్లో తీసిన ఇరవై నిమిషాల రికార్డింగు ఒకటి భాయ్ దగ్గర ఉంది. చుక్కమ్మ బుద్ధిగా గాడి వైపు మూతి పెట్టి నిలబడి ఉంటుంది, అక్క పితుకుతూ ఉంటుంది. స్టిక్కరు మీద ఫోను పెడితే అదే వచ్చేట్టు మార్పించాను. కెమెరా విప్పించి మా ఆఫీసు సొరుగులో పడేశాను. చుక్కమ్మ పేరున్న సీసాల్లో వేరే పది ఆవుల పాలు కలిపి పోయించాను. కెమెరా పోయింది కాబట్టి అక్క మాట దక్కింది, ఆవు కనపడుతోంది కాబట్టి మేనేజరు మాట దక్కింది అనుకున్నాను.

సీసాలో పాలు మారాయని ఒక్క నాలుక కనిపెట్టలేదు. గోటి మీద చుక్క వేసినావిడ, స్కేలు పెట్టినాయన, సూర్యుడికి పట్టినాయన, ఎవరూ. చుక్కమ్మ పాలలో ఉన్న కమ్మదనం ఇంకెక్కడా లేదని నాకే చెప్పారు.

కానీ కెమెరా తీసినా చుక్కమ్మ మాత్రం చేపలేదు. గోడ మీద మిగిలింది ఒట్టి మేకు. ఆ మేకుకేసే చూస్తూ నిలబడేది.

ఆ గురువారం మేడమ్ ఫోను చేసింది.

"ఏమయ్యా, ఆవు ఇటు తిరిగిందేంటి?"

"ఎటండీ?"

"నా వైపు. వారం నుంచి కొంచెం కొంచెం తిరుగుతోంది. ఇవాళ పూర్తిగా తిరిగింది. నన్నే చూస్తోంది."

నవ్వి పెట్టేశాను. పెట్టేశాక నా ఫోనులో చూశాను. ఇక్కడ ఆగుతున్నాను. ఇందాక ఇచ్చిన మాట ప్రకారం, ఇక్కడి నుంచి నీళ్ళు లేవు.

రికార్డింగులో చుక్కమ్మ ఎదురుగా నిలబడి ఉంది. నుదుటి చుక్క సరిగ్గా తెర మధ్యలో ఉంది. భాయ్ షాపుకి పరుగెత్తాను. ఆయన తన కంప్యూటర్లో ఉన్న అసలు ఫైలు తెరిచాడు. అందులోనూ అంతే. భాయ్ అది చూసి, పోయి షాపు ముందు లైటు వేసొచ్చాడు. అది మిట్టమధ్యాహ్నం.

"ఈ ఫైలు నేను ముట్టుకోలా సార్. ఒట్టు" అన్నాడు.

మర్నాడు శుక్రవారం. సంతకి ఒక్క రోజే ఉంది. మేడమ్ పొద్దున్నే మా ఆఫీసుకొచ్చి కూర్చుంది. కొనేవాళ్ళకి ఆవుని స్వయంగా చూసే హక్కుందని మీ సీసా మీదే రాశారు కదా, చూపించు అంది. రాసిందీ నేనే. పదకొండింటి బస్సుకి బయల్దేరాం. బస్సులో నా జేబులోని పెన్ను కారి, నీలం గళ్ళ చొక్కా మీద అరచేయంత సిరా మరకయింది. రెంటచింతలలో దిగి ఆటో మాట్లాడుకుని ఆ పల్లెకి చేరేసరికి మూడయింది. వీధిలో కోడి కూడా లేదు.

అక్క చావిడిలో చుక్కమ్మ పక్కన గొంతుక్కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. ఆవు ఎముకల గూడు మీద తెల్లచర్మం ఆరేసినట్టుంది. మేకుకేసి చూస్తోంది.

"ఈవిడెవురు?"

"చుక్కమ్మ పాలు తాగే మేడమ్ అక్కా. చూస్తానంటే..."

"ఇంకా చూడాలా?"

మేడమ్ కించపడినట్టే ఉంది. అయినా పరీక్ష పరీక్షే. సంచిలోంచి ఖాళీ సీసా తీసి, స్టిక్కరు మీద ఫోను పెట్టింది. ఆవునీ తెరనీ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలని ఆవిడ ఉద్దేశం. నేనూ అక్కా ఆవిడకి చెరోవైపు నిలబడి తొంగిచూశాం. మూలన ఎప్పుడూ వందల్లో ఉండే అంకె, మూడు అని ఉంది.

తెరలో చుక్కమ్మ ఎదురుగా ఉంది. బక్కచిక్కిన చుక్కమ్మ. ఎవరూ పితకడం లేదు. ఆవు వెనకాల ముగ్గురు మనుషులు తలలు దించుకుని, మధ్యలో ఉన్నావిడ చేతిలో చిన్న వస్తువునేదో చూస్తున్నారు. ఆవిడకి నెరిసిన ముడి, చంకలో గొడుగు. పక్కనున్న మగమనిషిది నీలం గళ్ళ చొక్కా. జేబు కింద సిరా మరక.

తలెత్తి గోడకేసి చూశాను. మేకు ఉంది, అంతే. కెమెరా పేటలో నా సొరుగులో ఉంది, తాళంచెవి నా మొలతాడుకి ఉంది.

చెయ్యి కదపలేదు నేను. కదిపితే అందులోవాడు కూడా కదుపుతాడేమోనని భయం. కదపడేమోనని ఇంకా భయం.

ముందు తేరుకున్నది అక్క. ఆవిడకి భయం కాదు, కోపమొచ్చింది.

"నే చెప్పలా? యంత్రం తీసుకుపోయావు గానీ చూడ్డం మానలా మీరు!"

ఫోనూ సీసా మేడమ్ చేతిలోంచి లాక్కుని, తెర నేలకేసి పెట్టి, వాటి మీద కోడిపిల్లల్ని కమ్మినట్టు గంప బోర్లించింది. దండెం మీది పచ్చచీర లాగింది.

"నడవండి బయటికి. ఇద్దరూనూ."

మేడమ్ పోయి ఆటోలో కూర్చుంది. చీర ఒక కొస రాటకి కట్టింది అక్క. రెండో కొసకి ఆధారం ఏమీ లేదు. దాన్ని నా చేతికిచ్చి, "పట్టుకో. ఇటు తిరిగావా, చూత్తా నీ సంగతి" అంది. తెర బయట, ఎండలో, వీపు అటు పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని ఆ కొస పట్టుకుని నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

చాలాసేపు ఏమీ లేదు. దూడ గుద్దుతున్న చప్పుడు. తర్వాత అక్క గొంతు. నాకు తప్ప ఎవరికీ వినపడనంత చిన్నగా.

"పోయారమ్మా అందరూ. ఇంక నువ్వూ నేనే."

ఆ తర్వాత చెంబు అడుగున సన్నటి ధార పడిన చప్పుడు. ఇంకొకటి. కాసేపటికి ఆ చప్పుడు చిక్కబడింది, నురగలో పడుతున్నట్టు. నా చేతులు తిమ్మిరెక్కాయి. కొస మాత్రం వదల్లేదు.

శనివారం అక్క చుక్కమ్మను సంతకి తోలలేదు. వెతుక్కుంటూ వచ్చిన సంత బేరగాడు, కడుపునిండిన దూడ ఎగురుతుంటే చూసి వెళ్ళిపోయాడట.

తిరుగు ప్రయాణంలో మేడమ్‌కి మొత్తం చెప్పేశాను. రికార్డింగు సంగతి, కలిపిన పాల సంగతి. తిడుతుందనుకున్నాను. కిటికీలోంచి మిరపచేల వైపు చూస్తూ చెప్పింది.

"మూడు వారాలు వేరే పాలు తాగాను. నాకు తెలియలేదు. రోజుకి రెండుసార్లు తనిఖీ చేశానయ్యా నేను. సీసాలో ఉన్నదాన్ని మాత్రం చూడలేదు."

చుక్కమ్మ సీసాలు కొన్నవాళ్ళందరికీ నా చేత్తో ఉత్తరం రాసి ఇంటింటికీ ఇచ్చాను. మేనేజరు నా ముఖం మీద ఆ ఉత్తరం విసిరాడు. నేను రాజీనామా ఇచ్చాను. భాయ్ ఆ పేజీ మూసేశాడు, ఫైలు చెరిపేశాడు. కెమెరా ఊరికే ఇస్తానన్నా పుచ్చుకోలేదు. గుమాస్తాగారు మాత్రం దారిలో నన్ను ఆపి, "ఇప్పుడు తెలిసిందిలే, ఏ1 నువ్వేనా?" అన్నారు. అవునండీ అన్నాను.

పిల్లలూ, కొనేవాడు చూపించమంటాడు. అడగడం తప్పు కాదు. మీరు కల్తీ చేయకండి, అడిగినదానికి నిజం చెప్పండి. కానీ చూపించకూడనివి కొన్ని ఉంటాయి. అవి ఏవో కంపెనీవాళ్ళు మీకు చెప్పరు. చీర కట్టుకున్న గుమ్మం కనపడితే మీరే తెలుసుకోవాలి.

చుక్కమ్మ మళ్ళీ ఈనింది. అక్క పాలు ఊళ్ళోనే పోస్తోంది, తెర కట్టుకుని. నేను ఏడాదికోసారి వెళతాను. పాలవేళకి మాత్రం వెళ్ళను.

పోయిన నెల మధ్యాహ్నంపూట మేడమ్ ఫోను చేసింది. వంటింట్లో కందిపొడి సీసా ఖాళీ అయితే కడుగుతూ, పాత స్టిక్కరు కనపడి, ఊరికే ఫోను పెట్టి చూసిందట.

"ఆ పేజీ మూసేశారండీ, రాదు" అన్నాను.

"వచ్చిందయ్యా. ఆవు కనపడ్డం లేదు. పచ్చచీర ఒకటి అడ్డంగా ఉంది, గాలికి కొంచెం కదులుతోంది."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"వెనకాల ఎవరో ఆడమనిషి ఏదో అంటోంది. చెవి దగ్గర పెట్టుకుంటేగానీ వినపడలేదు. పోయారమ్మా అందరూ, ఇంక నువ్వూ నేనే, అంటోంది. ఎవరితో అంటోందయ్యా?"

చూడకండి, బోర్లా పెట్టేయండి అన్నాను. ఎందుకని అడగలేదు ఆవిడ. గాజు సీసా గచ్చు మీద ఆనిన చప్పుడు వినపడింది.

మా కెమెరాకి మైకు లేదు. ఈ మాట పైన ఒకసారి చెప్పాను. నీళ్ళ మాట అనుకుని ఇగరబెట్టేసి ఉంటారు.